ఎవడో లేపిన చెయ్యి

ఇబ్రహీంపట్నం
సర్వధారి, ఆషాఢం

గౌలిగూడలో ఉన్న అక్క సక్కుబాయికి తమ్ముడు రామచంద్రయ్య దండం. రెండు చేతులూ జోడించి పెట్టాల్సిన దండం ఇది. ఒక్క చేత్తోనే పెడుతున్నాను, సర్దుకో.

ఈ జాబు చూసి కాగితం మీద కోళ్లు తిరిగాయనుకుంటావు. కోళ్లు కావు, నా ఎడమచెయ్యి. ఇన్నేళ్లూ కడుక్కోవడానికి తప్ప దేనికీ పనికిరాదనుకున్నది ఇప్పుడు అక్షరాలు దిద్దుతోంది. ఉగాది తర్వాత తలకు రుమాలు చుట్టుకుంటూ నేను కూలబడ్డప్పుడు నువ్వు వచ్చి చూసి పోయావు కదా, అప్పటికంటే నయం. కాలు కర్ర సాయంతో కదులుతోంది. మాట మాత్రం ముద్ద ముద్దగా వస్తుంది, కాశమ్మకు తప్ప ఎవరికీ అర్థం కాదు. పెళ్లయిన ఇన్నేళ్లకు నా మాట అర్థం చేసుకునే తీరిక ఆమెకు దొరికింది. కుడిచెయ్యి భుజానికి వేలాడేసిన తడి తువ్వాలు. నొప్పి లేదు, పనీ లేదు. ఊరి పటేలు కుడిచెయ్యి అంటే అంతేనేమో.

అక్కా, పక్షవాతం కంటే పరామర్శ పెద్ద రోగం. వచ్చినవాడు ఊరికే కూర్చోడు. చుట్ట ముట్టించకముందే నా కుడిచెయ్యి పట్టుకుంటాడు. పైకి లేపుతాడు, వదులుతాడు. అది దబ్బున పడుతుంది. ‘అయ్యో పటేలా’ అంటాడు. మళ్లీ లేపుతాడు, మొదటిసారి సరిగా పడలేదని కాబోలు. అట్లా చెయ్యకుండా లేచిపోతే మర్యాద కాదట. చెరువులో వల వేసే యాదయ్య పావురాన్ని తెచ్చి కోసి, ఆ నెత్తురు భుజం నుంచి వేళ్ల దాకా పూశాడు. వాతానికి పావురం నెత్తురంత మందు లేదట. చెయ్యి లేవలేదు, ఈగలు మాత్రం వచ్చాయి. పురుళ్లు పోసే మైసమ్మ, పసిపిల్లలకు నీళ్లు పోసేటప్పుడు చేతులు గుంజి సాగదీసినట్టు నన్నూ సాగదీసింది. నయం, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపలేదు.

గాదెలు నిండిన గోపయ్య వారానికోసారి నైజాం కొలువు వాళ్లలా రూమీ టోపీ పెట్టుకొని వస్తాడు. అతనూ చెయ్యి లేపి వదిలి చూస్తాడు. అది పడగానే నా ముఖం చూస్తాడు. పటేల్‌గిరీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఆ చూపు. ఊరి మీద పడే రజాకార్లకు అతని గాదెలోంచే జొన్నలు పోతున్నాయి. ఇంతకన్నా రాస్తే జాబు నీదాకా రాదు.

మనిషిలాగా వచ్చేవాడు ఒక్కడే, ఎడ్లకు నాడాలు కొట్టే నా దోస్తు నజీరుద్దీన్. పని కాగానే వస్తాడు. మంచం మీద నా కుడిపక్కన కూర్చొని, చెయ్యి తీసి తన ఒడిలో పెట్టుకొని, పచ్చీసు పరుస్తాడు. గవ్వలు నేను ఎడమచేత్తో వేస్తాను. కాయలు ఇద్దరివీ వాడే జరుపుతాడు. జరిపేటప్పుడు తొండి చేస్తాడు. ‘నీ కాయ నేనెట్ల సంపిన’ అని నన్నే అడుగుతాడు. ఆ కాసేపూ చెయ్యి ఒకటుందన్న సంగతే మరిచిపోతాను.

బావను అడిగానని చెప్పు.

— రామచంద్రయ్య

*

గౌలిగూడ, హైదరాబాదు
శ్రావణం

తమ్ముడు రామచంద్రయ్యకు అక్క సక్కుబాయి దీవెనలు.

నీ జాబు అందింది. మీ బావ వీరస్వామి అటు తిప్పి ఇటు తిప్పి, ఇది తెలుగా మరాఠోళ్ల మోడీ రాతనా అని అడిగిండు. వకీలు కాడ గుమాస్తా గదా, అన్ని లిపులు తెలుసునని గొప్ప. ఆఖరికి నేనే సదివి చెప్పిన. నీ తీరు పుస్తకం భాష నాకు రాదు, నోటికొచ్చినట్ల రాస్త.

కాశమ్మ ఏం జేస్తున్నది? మొగని మాట సమజయితున్నదని మురిసిపోతె సాలదు. చెయ్యి తోముతున్నదా లేదా? ఊరోళ్లు గుంజుతె నీకు ఎగతాళి. మంచికోరే గుంజుతున్నరు. మొద్దుబారిన చెయ్యి మొండి ఎద్దు లెక్క, నాలుగు తగిలిస్తెనే లేస్తది. సీసల నూనె పంపుతున్న. పొద్దుమాపు రాసి, మణికట్టు కాడ పట్టి, సెవుల దాక గుంజి గుంజి తోమాలె. నువ్వు మొత్తుకున్నా వదలొద్దని కాశమ్మకు నా మాటగ చెప్పు.

ఇగ నీ దోస్తు. చేతిని ఒడిల పెట్టుకోని పచ్చీసు ఆడితే వాతం పోతదా? గట్లయితే దవాఖానలన్ని మూసి ఒడులు పరుసుకోని కూసుందురు. నజీరుద్దీన్ మంచోడే, నేను కాదనలే. చిన్నప్పుడు మన జామచెట్టు ఎక్కి పడ్డోడే గద. కాని దినాలు మంచిగ లేవు. రజాకార్ల గుర్రాలకు నాడాలు కొడ్తున్నడని ఈడిదాక వినొస్తున్నది. తుపాకి ఎదురుంగ పెట్టి కొట్టమంటె కొట్టక ఏం జేస్తడు, గది నాకూ ఎరుకే. కాని గడియ మారితే ఎవడు ఎవనికి మసి పూస్తడో తెల్వదు. నీ ఒడి దవాఖాన జర బంద్ చెయ్యి.

పథ్యం చెయ్యి. వంకాయ ముట్టకు.

— అక్క

*

ఇబ్రహీంపట్నం
ఆశ్వయుజం, దసరా దాటాక

అక్కకు దండం.

టపా మళ్లీ నడుస్తోందని తెలిసి రాస్తున్నాను. మేము బతికే ఉన్నాం. మిలిటరీ వచ్చింది, నైజాం సర్కారు లొంగింది, రజాకార్లు ఎటు పోయారో పోయారు. గోపయ్య నెత్తి మీద గాంధీ టోపీ మొలిచింది. రూమీ టోపీ ఏమైందని అడిగితే ఎన్నడు పెట్టుకున్నానంటాడు. తల అదే కదా, టోపీలదేముంది.

నీ నూనె బాగా పని చేసింది, చేతికి ప్రాణం వచ్చింది. ప్రాణమంటే నొప్పి. భుజం గూట్లోంచి ఎముక కిందికి జారింది. పైన వేలు పెడితే గుంట తగులుతోంది. చెయ్యి బూరెలా పొంగి, తోలు నిగనిగ మెరుస్తూ, వేడిగా ఉంది. వేళ్లు ముడుచుకోవు. దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్టే. ఎటు పడుకున్నా నిద్ర లేదు. కాశమ్మ నీ మాట మీద గుంజబోతే ఆమెను కొరకబోయాను. నిజంగానే కొరకబోయాను, అడుగు.

దీని మీద దసరా వచ్చింది. జమ్మి ఆకు పెద్దల కుడిచేతిలోనే పెట్టాలి కదా, పెట్టి గట్టిగా పిసకాలి కదా, పిసికి లాగి కౌగిలించుకొని అలాయ్ బలాయ్ అనాలి కదా. ఈసారి భయం తీరిన దసరా, ఊరంతా పొంగిపోయి వచ్చింది. ఎడమచెయ్యి చాపితే అపశకునమని దాన్ని పక్కకు నెట్టి, చచ్చినదాన్ని వెతుక్కొని మరీ గుంజారు. నేను కేకలు పెడుతుంటే పటేలు సంతోషం పట్టలేకపోతున్నాడన్నారు.

ఈ నొప్పి భాద్రపదంలో చావడి దగ్గర మొదలైంది. చెయ్యి మెలిపడింది. ఎట్లా అని అడగకు. నజీరుద్దీన్ రావడం లేదు. ఊళ్లో లేడు.

— రామచంద్రయ్య

*

గౌలిగూడ
ఆశ్వయుజం

రామచంద్రయ్యా,

దీవెన రాస్తలేను. రాయబుద్ధి అయితలేదు.

నజీరుద్దీన్ ఊళ్లె లేడని రాసినవ్. ఎక్కడున్నడో రాయలే. మొన్న వాని పెండ్లాం సయీదా బేగం మా గడప ముంగట నిలబడ్డది. బురఖ మీద దుమ్ము, చేతిల చిన్న మూట. లోపటికి రమ్మంటె రాలే. మిలిటరోళ్లు మొగన్ని పట్టుకపోయిండ్రట, ఈడి జైల్ల ఏసిండ్రట. ఎందుకని అడిగిన. నన్ను సూసి ఒక్కటే మాట అన్నది. “నీ తమ్ముడు చెయ్యి సూపిండు.”

నేను నమ్మలే. మా తమ్ముని చెయ్యి లేవదమ్మా, వాతమొచ్చిందని చెప్పిన. ఊరంత సూసిందన్నది. నజీరుద్దీన్ దిక్కు లేసిందన్నది. వీనే రజాకార్ల మనిషని పటేలే సూపిండని కాయితం రాసుకున్నరట.

పావురం నెత్తురుకు లేవని చెయ్యి, నా నూనెకు లేవని చెయ్యి, దోస్తును పట్టిచ్చెతందుకు లేసిందా? రోజు వాని ఒడిల పండుకున్న చెయ్యేనారా గది? గందుకేనా భుజం నొస్తున్నది? నొయ్యనియ్యి. ఇంక నొయ్యనియ్యి.

వాన్ని దూరం పెట్టమని రాసింది నేనే, అవ్. పట్టియ్యమని రాయలే.

ఏమైందో రాస్తె నువ్వే రాయి. లేకుంటె ఇగ జాబులొద్దు.

— సక్కుబాయి

*

ఇబ్రహీంపట్నం
ఆశ్వయుజం, దీపావళి ముందు

అక్కా,

నీ జాబు చదివి కలం విసిరేశాను. మళ్లీ నేనే వెతుక్కొని తెచ్చుకున్నాను. నువ్వు అడిగింది న్యాయమే. తిట్టవలసిన మనిషిని మాత్రం నేను కాదు.

మిలిటరీ వాళ్లు వచ్చినప్పుడు మగవాళ్లందరినీ చావడి ముందు నేల మీద కూర్చోబెట్టారు. పటేలునని నాకు కుర్చీ వేశారు. ఆఫీసరుకు మన భాష రాదు, నాకు నోరు రాదు. మధ్యలో హిందీ వచ్చిన గోపయ్య నిలబడ్డాడు. రజాకార్లకు సాయం చేసినవాడెవడో పటేలు చూపించాలన్నారు. చూపిద్దామనే అనుకున్నాను. ఎడమచేతిలో కర్ర ఉంది. దాన్ని తొడల మధ్య పెట్టి, ఆ చెయ్యి గోపయ్య వైపే తిప్పబోయాను. అతనికి అర్థమైంది. సాయం పట్టేవాడిలా కుర్చీ వెనక్కు వచ్చి, నా కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టి, భుజం దాటించి లేపి, ముందు కూర్చున్న నజీరుద్దీన్ వైపు తిప్పాడు. పటేలు చూపిస్తున్నాడు సాబ్ అన్నాడు.

భుజంలో ఏదో పుటుక్కుమంది. నేను అరిచిన అరుపు ఎడ్లు కూడా అరవవు. కాదని చెప్పబోతే ముద్ద తప్ప మాట రాలేదు. గోపయ్య దానికీ అర్థం చెప్పాడు, పటేలు కోపంతో ఏడుస్తున్నాడని. ఆడవాళ్లలోంచి కాశమ్మ గోపయ్యను తిడుతూ ముందుకొచ్చింది. ఆమెను వెనక్కి నెట్టారు. నజీరుద్దీన్‌ను లేపి లారీ ఎక్కించారు. గోపయ్య గాదెలోంచి జొన్నలు ఎవరికి పోయాయో కళ్లారా చూసినవాడు వాడొక్కడే, రజాకార్ల గుర్రాలకు నాడాలు కొట్టింది ఆ గాదె ముందే కాబట్టి. ఆ సాక్షిని నా చేత్తోనే పంపించాడు.

ఊరు ఏం చేసిందని అడుగు. నెలల తరబడి ఈ చేతిని లేపి చూసి, పడేసి చూసి, అయ్యో అన్న ఊరు కదా. ఇది లేవదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. నోరు విప్పితే రెండోసారి చెయ్యి తన వైపు తిరుగుతుందని. అందరూ పరామర్శకు మాత్రం వచ్చారు.

నీకు ఇది రాయకపోవడానికి కారణం ఒక్కటే. ఎవడో లేపితే లేచిన చెయ్యి నాది అని రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గుతో పని లేదు. వాడు ఏ జైల్లో ఉన్నాడో, ఎవరికి చెప్పుకుంటే వదులుతారో బావను కనుక్కోమను. మోకాళ్ల మీద రమ్మన్నా వస్తాను.

— రామచంద్రయ్య

*

గౌలిగూడ
కార్తికం

తమ్ముడు రామచంద్రయ్యకు అక్క దీవెనలు. పోయినసారి ఆపిన దీవెన గూడ కలిపి తీసుకో.

నీ జాబు సయీదకు సదివి వినిపిచ్చిన. గోపయ్య ముచ్చట కాడ ఆపి మళ్ల సదవమన్నది. మూడోసారి అడిగితె నేనే ఏడ్సిన. ఆమె ఇప్పుడు మా ఇంట్లనే ఉంటున్నది. వెనక అర్రల ఆమె పొయ్యి ఆమెది, నా పొయ్యి నాది. మీ బావ ఇదేందన్నడు. వకీలు కాడ పనిచేసెటోనివి గద, ఏ కానూన్ల తప్పో సూపియ్యమన్న. సెప్పులేసుకోని కచేరికి పోయిండు. పొద్దున ఇద్దరం జైలు గేటు కాడికి పోతున్నం. ఆడ నిలబడి నిలబడి నా మోకాళ్లు పోయినయ్, ఆమెకు ఒక్కరోజు గూడ మొగన్ని సూపియ్యలే. గేటు కాడ కూసున్నోని మొకం సూడాలె నువ్వు, జైలు తన అత్తగారిచ్చిన కట్నమన్నట్లు కూసుంటడు.

మీ బావ కనుక్కున్నడు. గోపయ్య మాట మీద పెట్టిన కేసయితె ఎప్పుడో పోతుండెనట. పటేలు స్వయంగ సూపిండని రాసున్నది గనుక పటేలే కాదనాలె. ఉత్త కాయితం సాలదట. ఒక ఆఫీసరును వేసిండ్రట, ఊర్లు తిరిగి విచారిస్తడట. నీ పేరుతో అర్జీ పెట్టిండు.

నువ్వు ముందుగాల పట్నం రా. పెద్ద దవాఖానల డాక్టరు ఉన్నడు, మీ బావ మాట్లాడిండు. బండిల కింద గడ్డి మందంగ ఏసుకో. నూనె సీస పారబొయ్యి. కాశమ్మను నేనన్నది మనసుల పెట్టుకోవద్దని చెప్పు. ఆమె పెట్టుకుంటదని తెలుసు, అయినా చెప్పు.

— అక్క

*

ఇబ్రహీంపట్నం
కార్తికం, పున్నమి దాటాక

అక్కకు దండం.

నువ్వు సయీదాతో జైలు గేటు దగ్గర ఉండగానే బండి దొరికి తిరిగి వచ్చేశాను, కోపగించుకోకు. డాక్టరు చెప్పింది బావ నీకు చెప్పే ఉంటాడు, సగం మరిచి సగం కలిపి. అసలు మాట రాస్తున్నాను.

డాక్టరు ముందు నన్ను తిట్టాడు. చెయ్యి ఎవరు గుంజారని అడిగాడు. ఊరు అన్నాను. భుజాన్ని పట్టి ఉంచే కండలు వాతంతో సడలిపోతాయట. చెయ్యి ఊరికే వేలాడితే దాని బరువే దాన్ని గూట్లోంచి లాగుతుందట. దాని మీద మనుషులు గుంజితే లోపల చిరిగి, వాచి, ఆ వాపు వేళ్ల దాకా దిగుతుందట. తోమకూడదు. తలపైకి లేపకూడదు. చంకలో చెయ్యి పెట్టి నన్ను లేవదియ్యకూడదు, నడుము పట్టి లేపాలి. కూర్చున్నప్పుడు చేతి కింద ఎత్తుగా ఏదైనా పెట్టి ఆనించాలి. నడిచేటప్పుడు మెడ నుంచి గుడ్డ కట్టుకోవాలి. వేడినీళ్ల గుడ్డ వెయ్యాలి. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొని, నొప్పి మొదలయ్యే దాకానే మెల్లగా కదపాలి. వేళ్లను ఒక్కొక్కటే విప్పి ముడవాలి.

అక్కా, ఎత్తుగా ఆనించడమంటే ఏమిటి? నజీరుద్దీన్ ఒడి. వాడికి వైద్యం తెలియదు, నాకు తెలియదు. నా కాయలు జరపడానికి చెయ్యి అడ్డమని తీసి ఒళ్లో పెట్టుకునేవాడు, అంతే. వాడున్నన్నాళ్లూ నొప్పి లేదు. ఈ సంగతి డాక్టరుతో చెబితే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కాశమ్మ గడప దగ్గర రోకలి పట్టుకొని కూర్చుంటోంది. చెయ్యి ముట్టుకున్నవాడి చెయ్యి ఉండదంటోంది. పరామర్శ సగం తగ్గింది. వాపు తీసింది. నిన్న బొటనవేలు దానంతట అదే కొంచెం కదిలింది. చాన్నాళ్లకు తెల్లవారేదాకా నిద్రపోయాను. లేచాక ముందు నజీరుద్దీన్ గుర్తొచ్చాడు, జైల్లో ఎట్లా పడుకుంటున్నాడో అని.

— రామచంద్రయ్య

*

గౌలిగూడ
మార్గశిరం

తమ్ముడికి దీవెనలు.

ఆఫీసరు మీ ఊరికే వస్తున్నడు. అదే చావడి. మద్రాసు దిక్కు మనిషట, తెలుగు వస్తదట. గోపయ్యను గూడ పిలిసిండ్రు. మీ బావ అంటున్నడు, గోపయ్య ఊకోడట, పటేలు చెయ్యి అప్పుడు మంచిగనే ఉండె, ఇప్పుడు పాడైందని చెప్తడట. చెయ్యి లేవదని డాక్టరు చీటి రాసింది కార్తికంల, నజీరుద్దీన్‌ను పట్టుకపోయింది భాద్రపదంల. ఆ సందుల దూరుతడట.

నువ్వు మంచిగ విను. డాక్టరు మీ బావకు ఒక మాట వేరేగ చెప్పిండట. ఈ చేతిని ఇంకోసారి గట్ల లేపితె మళ్ల మొదటికొస్తదట, ఇంక బాగు కాకపోవచ్చట. ముట్టనియ్యకు. చీటి ఇయ్యి, నోటితోని చెప్పు, వచ్చెయ్యి.

గీ మాట సయీద ముంగట రాస్తలేను. ఆమె వంట చేస్తున్నది. ఇయ్యాల నా పొయ్యి మీదనే.

— అక్క

*

ఇబ్రహీంపట్నం
మార్గశిరం, అమావాస్య దగ్గర

అక్కకు దండం. ఈ రాత ఇంకా పాడుగా ఉంటుంది, తిట్టకు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

అదే చావడి, అదే కుర్చీ. గోపయ్య కొత్త టోపీ ఉతికించుకొని వచ్చాడు. నేను చీటి ఇచ్చాను. నా మాట ఇప్పుడు కాస్త తేలింది, మెల్లగా చెబితే అర్థమవుతుంది. ఆనాడు చెయ్యి నేను లేపలేదని చెప్పాను. బావ ఊహించినట్టే గోపయ్య అన్నాడు. భాద్రపదంలో పటేలు చెయ్యి బాగానే లేచేదని, తర్వాత చెడిందని, ఇప్పుడు సాయిబు పెళ్లాం ఏడుపు చూసి మాట మారుస్తున్నాడని.

ఆఫీసరు చీటి మీద తేదీ చూశాడు. నా ముఖం చూశాడు. జైలు తలుపు మూసుకుంటున్నట్టు అనిపించింది.

అప్పుడు ఊరి వైపు తిరిగాను. నా రోగాన్ని పంచుకున్న ఊరు కదా. పేర్లు పెట్టి పిలిచాను. “యాదయ్యా, పావురం కోసినవ్ గద. ఈ చెయ్యి లేసిందా?” యాదయ్య గోపయ్యను చూశాడు, తర్వాత నేల చూశాడు. ఇంకొకణ్ణి అడిగాను, వాడికి దగ్గొచ్చింది. ఇంతమంది మంచి మనుషుల మధ్య బతుకుతున్నానా అనిపించింది.

వెనక నుంచి మైసమ్మ లేచింది. “లేవలే సారూ,” అంది. “ఉగాది సంది లేవలే. పసిపోరన్ని గుంజినట్లు గుంజిన, లేవలే. గోపయ్య గూడ గుంజి సూసిండు, నా ముంగటనే.” ఆమె పురుడు పోయని ఇల్లు ఊళ్లో లేదు, ఆమెను కాదనడానికి ఎవడికీ ముఖం చెల్లలేదు. యాదయ్య కూడా నోరు విప్పాడు. తర్వాత అందరికీ ధైర్యం వచ్చింది. నేనూ లేపి చూశానంటే నేనూ చూశానని పోటీ పడ్డారు. ఇన్నాళ్లూ నన్ను చంపిన పరామర్శ ఆనాడు సాక్ష్యమైంది.

గోపయ్య తగ్గలేదు. జాలితో చెబుతున్నారు, ఆనాడు మాత్రం లేచింది, నేను పక్కనే ఉన్నాను అన్నాడు. ఎంత ఎత్తు లేచిందో, ఎట్లా లేచిందో పటేలు చెయ్యి పట్టి చూపించమన్నాడు ఆఫీసరు. చీటి గుర్తొచ్చి మళ్లీ తనే వద్దన్నాడు. కాశమ్మ నా మెడలోని గుడ్డ ముడి గట్టిగా పట్టుకుంది. నాకు నీ జాబు గుర్తుంది, డాక్టరు మాట గుర్తుంది. అంతకుముందు రోజే నా బొటనవేలూ చూపుడువేలూ కలిసి గవ్వను పట్టుకున్నాయి. అదీ గుర్తుంది. కాశమ్మ వేళ్లు విడిపించి, ముడి నేనే విప్పాను.

“లేపు గోపయ్యా,” అన్నాను. “ఆ దినం లేపినట్లనే లేపు.”

అతను ఆలోచించుకోలేదు. కుర్చీ వెనక్కు పోయాడు. మణికట్టు దగ్గర పట్టాడు. భుజం దాటించి లేపాడు. అరవకూడదని పళ్లు కరుచుకున్నాను. అరిచాను. మైసమ్మ ఏడుస్తూ ‘గదే కూత, ఆ దినం గదే కూత’ అంది.

ఆఫీసరు గోపయ్యను ఒక్కటే అడిగాడు, తనంతట తాను లేచిన చేతిని చూపించమంటే కుర్చీ వెనక్కు ఎందుకు పోయావని. గోపయ్య చేతిలో ఇంకా నా మణికట్టు ఉంది. వదిలాడు. అది దబ్బున పడింది. ఈసారి ఎవరూ అయ్యో అనలేదు.

నజీరుద్దీన్‌ను వదలమని రాస్తానన్నాడు. గోపయ్య గాదె సంగతి కూడా అడిగాడు, నాకు తెలిసింది చెప్పాను. చెయ్యి మళ్లీ బూరెలా ఉంది. గవ్వను పట్టదు. వాడు వస్తే ముందు ఏమంటాడో చెప్పనా? పోయినసారి ఆటలో నేను ఓడానంటాడు. పచ్చి అబద్ధం.

— రామచంద్రయ్య

*

గౌలిగూడ
పుష్యం

తమ్ముడు రామచంద్రయ్యకు అక్క దీవెనలు.

వచ్చిండు. గేటు కాడ నేను గుర్తుపట్టలే, సయీద గుర్తుపట్టింది. సగం మనిషయిండు. ఇంటికి తీస్కచ్చి మా కంచంలనే పెట్టిన. ఎవడేమనుకుంటె నాకేంది.

నీ జాబులన్ని సదివి వినిపిచ్చిన. పటేలు సూపలేదని సయీద చెప్పబోతె ఆపిండు. “గది నాకా దినమే ఎరుక. రోజు ఒడిల పెట్టుకున్న చెయ్యి, దాని బరువు నాకు తెల్వదా?” అన్నడు. మళ్ల లేపిచ్చుకున్నవని చెప్తె మాత్రం పిచ్చోడు, పిచ్చోడు అని గోడ దిక్కు తిరిగిండు.

రామచంద్రం, ఇప్పుడు చెప్పేది ఇష్టముండదు నీకు. వాడు ఊరికి రాడట. నేను బతిమాలిన, నిన్ను తలుసుకోమన్న. “అందరు సూసిండ్రక్కా. మైసమ్మ లేసేదాక ఒక్కడు మాట్లాడలే. రేపు వాళ్ల ఎద్దు కాలు నా ఒడిల ఎట్ల పెట్టుకోవాలె?” అన్నడు. నోరున్నదని నన్నందరు అంటరు గద, ఆ దినం వాని కంచంల ఇంకింత అన్నమే పెట్టిన. అఫ్జల్‌గంజ్ కాడ టాంగ గుర్రాలకు నాడాలు కొట్టె పనికి కుదిరిండు.

ఒక దిండు పంపుతున్న. నేను కుట్టింది కాదు, పొంగకు. వాడు మంచం మీద నీ పక్కన కూసున్నట్ల కూసోని, ఒడి ఎంత ఎత్తు ఉంటదో జానతోని కొలిపిచ్చిండు. గంతకు ఒక్క వేలు తక్కువ కావొద్దని సయీదతోని పాత దూది నింపిచ్చి కుట్టిచ్చిండు. కుడిపక్క పెట్టుకొమ్మన్నడు.

— అక్క

*

ఇబ్రహీంపట్నం
మాఘం

అక్కకు దండం.

దిండు అందింది. ఎత్తు సరిపోయింది. చెయ్యి దాని మీదే పెడుతున్నాను. వాపు తీస్తోంది, రాత్రి కొంత నిద్ర పడుతోంది. భుజం పూర్తిగా బాగుపడదని డాక్టరు బావతో అన్నాడట, బావ నాకు చెప్పొద్దనుకొని కాశమ్మకు చెప్పాడు. వకీలు గుమాస్తాలు రహస్యాలు అట్లాగే దాస్తారు.

ఊరివాళ్లు ఇంకా వస్తున్నారు. చెయ్యి మాత్రం ముట్టరు. గోడకు ఆనుకొని దూరంగా కూర్చొని, దిండు వైపు చూసి, వానల సంగతి మాట్లాడి పోతారు. డాక్టరు చెయ్యలేని పని సిగ్గు చేసింది. ఊరి ఎడ్లకు నాడాలు అరిగిపోయాయి. కొట్టేవాడు లేక కుంటుతున్నాయి. నజీరుద్దీన్ ఎప్పుడొస్తాడని నన్నే అడుగుతున్నారు. మీ ఎడ్లనే అడగమన్నాను.

సాయంత్రం పచ్చీసు పరుస్తున్నాను. గవ్వలు నేనే వేస్తున్నాను. నా కాయలూ వాడి కాయలూ నేనే జరుపుతున్నాను. రోజూ నేనే గెలుస్తున్నాను. ఇంత దరిద్రమైన గెలుపు పగవాడికి కూడా వద్దు.

అఫ్జల్‌గంజ్ పోయి వాడితో నా మాటగా చెప్పు. దిండు మెత్తగా ఉంది, ఎత్తుగా ఉంది, చెయ్యి నొప్పి లేదు. కానీ దానికి తొండి ఆడడం రాదు.

— రామచంద్రయ్య